మే నెల ఎండలో మా ఇంట్లో ఒక 5090

గ్రాఫిక్స్ కార్డు, అంటే కంప్యూటర్‌లో బొమ్మలు గీసే భాగం, కొనాలని నన్ను సలహా అడిగేవాళ్లు ముందు అడిగేది ఎఫ్‌పీఎస్ గురించే, అంటే సెకనుకు ఎన్ని బొమ్మలు (ఫ్రేములు) వస్తాయని. ఆ ఆటకు ఎంత వస్తుందన్నా, ఈ ఆటకు ఎంత వస్తుందన్నా అని. "ముందు నీ మానిటర్ ఏందో చెప్పు" అంటాను నేను. సగం మంది మొహం అక్కడే మాడిపోతుంది. లక్షలు పెట్టి కార్డు కొంటాం మొర్రో అంటుంటే వీడు తొమ్మిది వేల మానిటర్ గురించి అడుగుతాడేంది అని వాళ్ల బాధ.

పోయిన వేసవిలో మూడు వారాల పాటు ఎన్విడియా వాళ్ల ఆర్‌టీఎక్స్ 5090 కార్డు ఒకటి తిరుపతిలో మా ఇంట్లో ఉంది. ఆ మూడు వారాల తర్వాత నా ప్రశ్నలు ఇంకా పెరిగాయి. మీ ఇంట్లో ఇన్వర్టరు ఎంతది? గదికి ఏసీ ఉందా? కార్డు చెడిపోతే ఎవరి చేతిలో పెడతారు? అడిగినవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. నెట్‌లో మనం చూసే బెంచ్‌మార్కులన్నీ (కార్డు వేగం కొలిచే పరీక్షలు) చల్లటి గదిలో, మార్కెట్లో ఉన్న అన్నిటికంటే వేగమైన ప్రాసెసర్‌తో, కరెంటు పోని చోట చేసినవి. కార్డుకు సత్తా ఎంతుందో అవి చెబుతాయి, అందులో తప్పేమీ లేదు. కానీ రెండు లక్షలు పోసి మనం కొనుక్కునేది ఆ గదిని కాదు కదా. ఇంత ఖరీదు కార్డును మన తెర ముందు, మన కరెంటు మీద, మన ఎండాకాలంలో, ఆట మొదలుపెట్టిన మూడో గంటలో చూడాలి. అప్పుడు ఏ అంకె కనిపిస్తుందో దానికే డబ్బు కట్టాలి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే, మిగతాదంతా ఎందుకు అలా అంటున్నానో చెప్పడానికి.

కార్డు నాది కాదు. మా పిన్నమ్మ కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తాడు. కార్డు, దానికి తగ్గ వెయ్యి వాట్ల ఎస్ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) ముందే కొనేశాడు, మిగతా సామాను ఇంకా రాలేదు, పైగా అదే సమయంలో రూము మారుతున్నాడు. ప్యాకర్స్ వాళ్ల చేతికి ఇవ్వడానికి మనసొప్పక బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చి నా మంచం మీద దించాడు. "మూడు వారాలు నీ దగ్గరే ఉంటాదన్నా. ఊరికే పెట్టొద్దు, ఉతికి ఆరెయ్. లోపమేమన్నా ఉంటే ఇప్పుడే తెలిసిపోవాల" అన్నాడు. నేను కాదంటానా?

నా కంప్యూటర్‌లో ఉన్నది 3060 అనే పాత కార్డు. అది తీసి ఇది పెడదామని చూస్తే క్యాబినెట్‌లో పట్టదు. 35 సెంటీమీటర్ల పొడవు, మూడున్నర స్లాట్ల మందం, రెండు కిలోల పైన బరువు. చివరికి మదర్‌బోర్డు ఊడదీసి, దాని అట్టపెట్టె మీదే పడుకోబెట్టి, కార్డు నిలబెట్టాను. కార్డు తోక బోర్డు దాటి ఇంత మేర గాల్లో వేలాడుతోంది. స్లాటు విరిగిపోతుందేమోనని భయమేసి వంటింట్లో ఉన్న అగ్గిపెట్టెల కట్ట తెచ్చి కింద ఆనించాను. అమ్మ చూసి, "కరెంటు సామాను కింద అగ్గిపెట్టెలు పెట్టేవాణ్ని నిన్నే చూస్తా ఉండా" అంది. నిజమే. పైన అద్దెకుండేవాళ్ల పిల్లల దగ్గర పదకొండు క్యారమ్ బిళ్లలు అడుక్కొచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చాను. సరిగ్గా సరిపోయాయి. మార్కెట్లో ఇదే పనికి రంగురంగుల లైట్లున్న స్టాండ్లు అమ్ముతారు.

ముందు కార్డు జాతకం చూద్దాం. 2025 జనవరి 30న అమ్మకానికి వచ్చింది. చిప్పులో తొమ్మిది వేల రెండొందల కోట్ల ట్రాన్సిస్టర్లు, 21,760 కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు), 32 జీబీ జీడీడీఆర్7 మెమరీ, ఆ మెమరీకి చిప్పుకు మధ్య సెకనుకు 1,792 జీబీ రాకపోకలు. తాగే కరెంటు 575 వాట్లు. దీనికి ముందుది 4090, 2022 అక్టోబరులో వచ్చింది. దానికి 16,384 కోర్లు, 24 జీబీ, 450 వాట్లు. ఇప్పుడు ఒక లెక్క వేయండి. కోర్లు మూడోవంతు పెరిగాయి, వాట్లు 28 శాతం పెరిగాయి, 4కే (మామూలు తెరకు నాలుగింతల చుక్కలు) ఆటల్లో వేగం చాలామంది కొలిచినదాని ప్రకారం ముప్ఫై శాతానికి అటూ ఇటూ పెరిగింది. రెండు చిప్పులూ తైవాన్‌లో టీఎస్ఎంసీ వాళ్ల ఒకే తరం పద్ధతిలో తయారైనవే. అంటే ఇంజన్ పెద్దది చేశారు, పెట్రోలూ అంతకంత పోశారు, మైలేజీ మాత్రం దాదాపు పాతదే. మరి ధర? కంపెనీ మన దేశానికి ప్రకటించిన ధర 4090కి 1,55,000, దీనికి 2,14,000. దాదాపు 38 శాతం ఎక్కువ. అదీ ప్రకటించిన ధర, ఆ ధరకు ఇస్తామన్న షాపు నాకైతే ఒక్కటీ తగల్లేదు.

మొదటి రోజు నా పాత మానిటర్‌కే తగిలించాను. 24 అంగుళాలు, 1080పీ, 75 హెర్ట్జ్. ప్రాసెసర్ రైజెన్ 5 5600. వాలొరెంట్ ఆట పెట్టాను. మూలన ఫ్రేముల అంకె మూడొందలు దాటి ఎగురుతోంది, పక్కన కార్డు వాడకం చూస్తే నలభై శాతం కూడా లేదు. మిగతా అరవై శాతం, అంటే లక్షా పాతిక వేల రూపాయల సరుకు, ఊరికే కూర్చుని ఉంది. నా కంటికి 3060తో ఆడినప్పటికీ ఇప్పటికీ తేడా ఏమన్నా కనిపించిందా అంటే, అమ్మతోడు, ఏమీ లేదు.

కొండకు పోయినవాళ్లకు ఇది సులభంగా అర్థమవుతుంది. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లు ఎన్ని ఉన్నా, అందులో ఎన్ని వేలమందిని నింపినా, జయవిజయుల దగ్గర గంటకు దాటేది ఎంతమందో అంతమందే. దర్శనం అయ్యేది అక్కడ. కార్డు కంపార్ట్‌మెంట్లు కడుతుంది, దర్శనం మానిటర్ దగ్గర. 75 హెర్ట్జ్ తెర సెకనుకు 75 సార్లే మారుతుంది, కార్డు మూడొందల బొమ్మలు గీసినా ఐదువందలు గీసినా అంతే. (ఎక్కువ ఫ్రేములుంటే మౌస్ కదలిక కాస్త తొందరగా అందుతుంది, ఆ మాట నిజమే, పోటీ ఆటలాడే పిల్లలు దీని మీద నాతో యుద్ధానికి వస్తారని తెలుసు. ఆ లాభానికి 5090 అక్కర్లేదు నాయనా, అందులో పదోవంతు ధర కార్డు చాలు.) ఇక ప్రాసెసర్ సంగతి. ప్రతి ఫ్రేముకూ ఎవడు ఎక్కడ నిలబడ్డాడు, ఎవడు ఎటు దూకాడు అని ముందు లెక్కగట్టి చెప్పాల్సింది ప్రాసెసర్. అది చెప్పేదాకా కార్డు చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. 1080పీలో ఉండేది 20 లక్షల 70 వేల చుక్కలు, ఈ కార్డుకు అవి లెక్కలోకే రావు. 4కేలో 83 లక్షలు. అక్కడికి పోతే గానీ దీనికి పని దొరకదు.

అందుకని మర్నాడు టేబులు ఎత్తి హాల్లోకి తెచ్చి 4కే టీవీకి తగిలించాను, అమ్మ సీరియళ్లు అయ్యాక. 120 హెర్ట్జ్ టీవీ. సైబర్‌పంక్ 2077 ఆట పెట్టి, అందులో పాత్ ట్రేసింగ్ (వెలుగు పోయే దారిని లెక్కగట్టి బొమ్మ గీసే పద్ధతి) ఆన్ చేసి, అన్నీ చివరికంటా పెంచి కూర్చున్నాను.

నిజం చెప్పాలి కదా. నోరు తెరుచుకుని చూశాను. వానలో తడిసిన రోడ్డు మీద నియాన్ బోర్డు వెలుగు పడి, అది పక్కన నిలబడ్డ కారు తలుపు మీద పడి, అక్కణ్నుంచి మనిషి చొక్కా మీద పడటం, ప్రతి వెలుగూ ఎక్కణ్నుంచి బయల్దేరిందో నిజంగానే లెక్కగట్టినట్టు. మా నాన్న కంప్యూటర్ ఆట అంటే ఆ పక్కకే రాడు, ఆయన కూడా మంచినీళ్లకని వచ్చి ఐదు నిమిషాలు నిలబడి "ఇది సినిమానా?" అన్నాడు. ఇంత బాగుండే వస్తువును బాలేదని చెప్పడానికి నేను ఈ వ్యాసం రాయట్లేదు.

కానీ అంకెల దగ్గరకు వద్దాం. డీఎల్‌ఎస్‌ఎస్ లేకుండా, 4కేలో, పాత్ ట్రేసింగ్‌తో ఆ ఆట ఈ కార్డు మీద కూడా ముప్ఫై ఫ్రేముల దగ్గరే కొట్టుమిట్టాడింది. రెండు లక్షల కార్డుకు ముప్ఫై. డీఎల్‌ఎస్‌ఎస్ ఆన్ చేస్తే, అంటే తక్కువ చుక్కలతో బొమ్మ గీసి దాన్ని తెలివిగా పెద్దది చేస్తే, నాకు ఎనభై దాటింది. ఆ పైన మల్టీ ఫ్రేమ్ జనరేషన్ అని ఒకటుంది, 5090 లాంటి 50 సిరీస్ కార్డులకు మాత్రమే ఇచ్చారు. నేను చూసినప్పుడు అది నిజంగా గీసిన రెండు ఫ్రేముల మధ్య మూడు ఫ్రేముల దాకా ఊహించి పెట్టేది. 2025 జనవరిలో ఎన్విడియా పెద్దాయన జెన్సన్ హువాంగ్ వేదిక మీద నిలబడి 549 డాలర్ల 5070 కార్డు 4090తో సమానం అన్నాడే, ఆ మాట దీని మీద నిలబడిందే. ఊహించిన ఫ్రేముల్ని కూడా లెక్కలో కలిపితే సమానం. చెరువు నీళ్లు కలిపి పాలు కొలిచినట్టు.

ఇందులో ఎవరూ గట్టిగా చెప్పని మెలిక ఒకటుంది, నాకు టీవీ ముందు కూర్చున్నాకే వెలిగింది. నా టీవీ 120కి మించి చూపించలేదు. బొమ్మ మధ్యలో చీలినట్టు కనిపించకుండా ఫ్రేములను 120 దగ్గర కట్టేసి, నాలుగింతల మోడ్ పెడితే ఏమవుతుంది? 120లో నాలుగోవంతు, అంటే కార్డు నిజంగా గీసేది ముప్ఫై ఫ్రేములే, మిగతా తొంభై ఊహ. కంటికి నున్నగా ఉంటుంది, చేతికి మాత్రం కంట్రోలర్ జిగురులో పెట్టి తిప్పినట్టు ఉంటుంది, ఎందుకంటే ఆట మన బటన్ వినేది నిజం ఫ్రేముల్లోనే. పైగా మధ్యలో ఫ్రేములు దూర్చాలంటే తర్వాతి నిజం ఫ్రేమును కాసేపు ఆపి ఉంచుకోవాలి, దానివల్ల ఇంకాస్త ఆలస్యం. రెండింతల మోడ్‌కు మార్చాను, నిజం ఫ్రేములు అరవై అయ్యాయి, హాయిగా ఉంది. అంటే పెట్టె మీద పెద్ద అక్షరాలతో వేసిన గొప్ప నా తెర మీద నష్టం. 240 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాడికి లాభమే కావచ్చు. మళ్లీ తెర దగ్గరికే వచ్చాం చూశారా.

ఇంకో సంగతి, డీఎల్‌ఎస్‌ఎస్ 4లో నాకు అన్నిటికంటే నచ్చింది బొమ్మను పెద్దది చేసే కొత్త మోడల్. అది 2018 నాటి 20 సిరీస్ కార్డుల నుంచి అన్నిటికీ ఉచితంగా ఇచ్చారు. నా 3060కీ వచ్చింది. పైసా ఖర్చు లేకుండా డ్రైవర్ అప్‌డేట్‌తో వచ్చిన మెరుగుదలను, కార్డు మార్చడం వల్ల వచ్చినట్టు చెప్పేవాళ్ల మాట వినకండి.

సగటు ఫ్రేముల మోసం గురించి ఎక్కువ చెప్పను. ఆటలో జనం కిక్కిరిసిన మార్కెట్ వీధిలో నా ప్రాసెసర్ చేతులెత్తేసి ఫ్రేములు ఒక్కసారిగా కింద పడేవి, ఆ కుదుపు సగటులో కనిపించదు. సగటు కింద చిన్న అక్షరాలతో వేసే ఒక శాతం అంకె (అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం) ఉంటుందే, అది చూడండి చాలు.

ఇప్పుడు అసలు కథ, కరెంటు.

మా ఇంట్లో 900 వీఏ ఇన్వర్టరు, ఒక బ్యాటరీ. కంప్యూటర్ పాయింటు కూడా ఇన్వర్టరు లైనులో కలిపించుకున్నాను, కరెంటు పోయినా పని ఆగకూడదని. 3060తో ఎన్నడూ ఇబ్బంది రాలేదు, మొత్తం కలిపి మూడొందల వాట్లు కూడా దాటదు. మొదటి వారంలోనే ఒక రోజు రాత్రి తొమ్మిదిన్నరకు, పొద్దున్నుంచీ ఉడికించి ఉడికించి చివరికి గాలివాన లేచి కరెంటు పోయింది. నేను ఆటలో ఉన్నాను. ఇన్వర్టరు ఒక్క క్షణం తీసుకుంది, రెండో క్షణంలో కీచుమని అరిచింది, మూడో క్షణంలో ఇల్లంతా చీకటి. కంప్యూటర్ ఒక్కటే ఆరిపోతే సరే, ఫ్యాన్లు, లైట్లు, నాన్న చూస్తున్న వార్తలు, అన్నీ. ఓవర్‌లోడు. చీకట్లో టార్చి వెతుక్కుంటూ ఇన్వర్టరు దగ్గరికి పోతుంటే వెనక నుంచి వినిపించిన మాటలు ఇక్కడ రాయలేను. గోడ ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి చూస్తే ఆట నడుస్తున్నప్పుడు 750 వాట్లు. 900 వీఏ ఇన్వర్టరు అంటే 900 వాట్లు కాదు, అంతకంటే తక్కువే ఇస్తుంది, దాని మీద ఇంటి ఫ్యాన్లు కూడా ఉన్నాయి. ఇంకా ఇలాంటి కార్డులు మిల్లీసెకన్ల పాటు మామూలు కంటే చాలా ఎక్కువ లాగుతాయి, మామూలు మీటరుకు అది కనిపించదు, ఎస్ఎంపీఎస్‌కూ యూపీఎస్‌కూ మాత్రం తెలుస్తుంది. వెయ్యి వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని కంపెనీ చెప్పేది ఊరికే కాదు. అంటే ఈ కార్డు ధరకు మంచి ఎస్ఎంపీఎస్ కలపాలి, దానికి తగ్గ యూపీఎస్ కలపాలి, లేదా కరెంటు పోయినప్పుడు ఉన్నపళంగా ఆరిపోవడానికి సిద్ధపడాలి.

బిల్లు భయం మాత్రం అనవసరం. రోజుకు మూడు గంటల లెక్కన మూడు వారాలకు యాభై యూనిట్లకు లోపే. వేసవిలో మా ఇల్లు 226 నుంచి 400 మధ్య స్లాబులో, యూనిట్ 8 రూపాయల 75 పైసల దగ్గర ఉంటుంది, ఏసీ ఎక్కువ వేస్తే 400 దాటి 9.75లో పడుతుంది. కంప్యూటర్ మొత్తానికీ అయింది నాలుగైదు వందలు. రెండు లక్షల కార్డు కొనేవాడు దానికి ఏడవడు.

ఏడవాల్సింది వేడికి. కంప్యూటర్ తాగిన కరెంటంతా చివరికి వేడై గదిలోకే వస్తుంది, పోవడానికి దానికి ఇంకో దారి లేదు. కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు వంద వాట్ల వేడి వస్తుంది. అంటే 750 వాట్ల కంప్యూటర్ నడుస్తోందంటే, పది అడుగుల గదిలో నాతో పాటు ఏడెనిమిది మంది పెళ్లివారు తలుపులేసుకుని కూర్చున్నట్టు. ఒక టన్ను ఏసీ బయటికి తోడగలిగే వేడి సుమారు 3,500 వాట్లు. అందులో ఐదోవంతుకు పైగా ఈ డబ్బా ఒక్కటే తినేస్తుంది. మే నెలలో మా ఇంటి వెనక శేషాచలం కొండ పగలంతా కాగి, రాత్రి పదింటికి కూడా వేడి ఊదుతూనే ఉంటుంది. ఏసీ లేకుండా ఒక రాత్రి ఆడి చూశాను, పరీక్ష కోసమే. మొదటి గంట బాగానే ఉంది. రెండో గంటకు గది థర్మామీటరు నాలుగు డిగ్రీలు ఎక్కింది. మూడో గంటకు ఫ్యాన్లు మిక్సీ లాగా రొద పెడుతున్నాయి, కార్డు మెమరీ తొంభై డిగ్రీలు దాటింది, నా బనియను పిండితే నీళ్లు కారేలా ఉంది. కార్డు నడుస్తూనే ఉంది, దానికేం, దాని హద్దుల్లోనే ఉంది. నేనే ఆపేశాను. ఏ బెంచ్‌మార్కులోనూ ఈ వరుస ఉండదు: ఆడేవాడు ఎన్నో గంటలో లేచిపోయాడు అని.

అప్పుడు చేసిన పని వల్లే ఈ కార్డు మీద నాకు గౌరవం పెరిగింది. పవర్ లిమిట్‌ను (కార్డు లాగే కరెంటుకు హద్దు) డెబ్భై శాతానికి దించాను, దాదాపు నాలుగొందల వాట్లు. అంతకంటే కిందికి ఆ కార్డు ఒప్పుకోదు. గోడ దగ్గర 750 ఉన్నది 560 అయింది. ఫ్రేములు? 84 ఉన్నవి 77. అంతే. నూట తొంభై వాట్లు మిగిలాయి, పోయింది ఎనిమిది శాతం. చిప్పును బట్టి, ఆటను బట్టి ఇది కాస్త మారుతుంది, కానీ దారి అదే. ఫ్యాన్ల గోల తగ్గింది, కనెక్టరు (కార్డుకు కరెంటు తెచ్చే ప్లగ్గు) చల్లబడింది, నేనూ చల్లబడ్డాను. మరి కంపెనీ ముందే ఇలా ఎందుకు ఇవ్వదు అంటే, ఆ ఎనిమిది శాతం లేకపోతే 4090 కంటే ముప్ఫై శాతం ఎక్కువ అని గ్రాఫు గీయలేరు కాబట్టి, అని నా అనుమానం. ఆ చివరి కాస్త కోసం మన గదుల్లోకి ఇద్దరు పెళ్లివారిని అదనంగా పంపుతున్నారు.

కనెక్టరు అన్నాను కదా. దీని గురించి భయపెట్టేవాళ్లూ ఉన్నారు, ఏమీ లేదని కొట్టిపారేసేవాళ్లూ ఉన్నారు. లెక్క చూడండి. 575 వాట్లు, 12 వోల్టులు, అంటే 48 ఆంపియర్లు. అవి పోవాల్సింది ఆరు పిన్నుల గుండా, ఒక్కోదానికి 8 ఆంపియర్లు. ఇంట్లో రెండు వేల వాట్ల గీజరు లాగేది ఎనిమిదీ తొమ్మిది మధ్య. దానికి మనం 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్గు, లావు వైరు వేయిస్తాం. ఇక్కడ అదే కరెంటు అగ్గిపుల్ల కంటే సన్నటి పిన్నుల్లో పోతోంది, ఒక్కో పిన్ను తట్టుకునేది తొమ్మిదికి కాస్త పైన. అన్నీ సమానంగా పంచుకుంటే ఫరవాలేదు. ఒకటి రెండు సరిగా ఆనకపోతే వాటి వాటా పక్కవాటి మీద పడుతుంది, అప్పుడు ప్లాస్టిక్ కరుగుతుంది. 2022లో 4090 వచ్చినప్పుడు కరిగిన కనెక్టర్ల ఫొటోలు అందుకే వచ్చాయి. తర్వాత పిన్నుల పొడవులు మార్చి, పూర్తిగా దిగకపోతే కార్డు కరెంటు తీసుకోకుండా చేశారు, మంచిదే. కానీ దిగాక ఏ వైరులో ఎంత పోతోందో చూసుకునే ఏర్పాటు ఇందులో లేదు, ఆరు వైర్లూ కార్డులోకి వెళ్లగానే ఒకటైపోతాయి. పాత 3090 టీఐలో వాటిని మూడు భాగాలుగా విడదీసి చూసేవాళ్లు. ఉన్న జాగ్రత్తను తీసేసి ధర పెంచడం ఏం పద్ధతో నాకు అర్థం కాదు. నేను చేసిందల్లా టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కడం, టార్చి వేసి సందు లేదని చూడటం, కనెక్టరు దగ్గర వైరు మెడ వంచకుండా వదలడం. అరగంట ఆడాక వేలితో తాకి చూశాను, గోరువెచ్చగా ఉంది. ఆ రాత్రి మళ్లీ లేచి వచ్చి చూశాను. ఆ మాత్రం టెన్షన్ ఉంటుంది, మనది కాని వస్తువు.

ఇంకొకటి, కొన్న రోజే చేయండి: జీపీయూ-జడ్ అనే చిన్న ప్రోగ్రాం తెరిచి ఆర్‌ఓపీల (గీసిన చుక్కలను చివరగా మెమరీలోకి చేర్చే భాగాలు) అంకె చూడండి. 5090కి 176 ఉండాలి. 2025 ఫిబ్రవరిలో కొన్ని కార్డులు 168తో బయటికి వచ్చాయి, అర శాతం లోపు కార్డుల్లో అలా జరిగిందని, వేగం సగటున నాలుగు శాతం తగ్గుతుందని ఎన్విడియానే ఒప్పుకుని మార్చి ఇస్తామంది. మా వాడిది 176 చూపించాక గానీ నేను కాఫీ తాగలేదు.

ఎక్కడ కొనాలి అనేది తిరుపతివాళ్లకు ఎప్పుడూ ఉండే గొడవ. ఇక్కడి షాపుల్లో ఈ స్థాయి కార్డు డిస్‌ప్లేలో ఉండదు, డబ్బు కడితే తెప్పిస్తారు. లేదంటే పొద్దున్నే రైలెక్కి చెన్నై, అక్కడ ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్. ఆ సందుల్లో బేరం బాగా కుదురుతుంది, ముఖ్యంగా బిల్లు వద్దంటే. అక్కడే ఆగండి. 18 శాతం జీఎస్టీ మిగులుతుందని బిల్లు వదులుకుంటే, మూడేళ్ల వారంటీ అందులోనే పోతుంది. బయటి దేశం నుంచి తెచ్చిన కార్డయితే సీరియల్ నంబరు చూసి ఇక్కడ తీసుకోకపోవచ్చు.

నాకు తగిలింది కాబట్టి చెబుతున్నా. 3060కి ముందు నేను కొన్న ఒక కార్డుకు, అప్పట్లో పదహారు వేలది, ఫ్యాను తిరగడం మానేసింది. బిల్లుంది, వారంటీ ఉంది. కొరియర్‌లో సర్వీస్ సెంటరుకు పంపాను. నలభై ఆరు రోజులు. ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది సార్". చివరికి స్క్రూ పక్కన గోరంత గీత ఫొటో తీసి, దెబ్బ తగిలింది కాబట్టి వారంటీ వర్తించదని వెనక్కి పంపారు. తిరుపతిలోనే లీలామహల్ వైపు ఒక రిపేరు షాపులో పిల్లాడు మూడొందల యాభై తీసుకుని ఫ్యాను మార్చాడు, ఇప్పటికీ తిరుగుతోంది. పదహారు వేల కార్డు కాబట్టి తిట్టుకుని ఊరుకున్నాను. రెండున్నర లక్షల కార్డు నలభై ఆరు రోజులు కనిపించకుండా పోతే నాకు నిద్ర పట్టదు. అందుకే బ్రాండు ఎంచుకునేటప్పుడు డబ్బా మీద ఫ్యాన్లు ఎన్ని అని కాదు, చెన్నైలోనో బెంగళూరులోనో మనిషి ముఖం కనిపించే కౌంటరు ఉందా అని చూడమంటాను. కొరియర్ డబ్బాతో వాదించలేం.

"ఇప్పుడు పెద్దది కొంటే పదేళ్లు చూసుకోనక్కర్లేదన్నా" అనేవాళ్లకు ఒక పాత కథ. 3090 టీఐ 2022 మార్చి చివర్లో 1,999 డాలర్లకు వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో 4090 దాన్ని చిత్తుగా ఓడించింది, 1,599 డాలర్లకే. ఏడు నెలలు కూడా నిండలేదు. అన్నిటికంటే పైనున్న కార్డు విలువ ఒక్కోసారి ఇలా వేగంగా జారిపోతుంది, ఎందుకంటే పైన ఉండటానికి కట్టిన డబ్బు, పైన ఉన్నన్నాళ్లే విలువ.

మరి ఎవరికీ వద్దా అంటే అలా అనను. బ్లెండర్ లాంటి 3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో పని చేసుకునేవాళ్లకు, ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడిపేవాళ్లకు 32 జీబీ మెమరీ అన్నం పెడుతుంది, వాళ్లకు అది పనిముట్టు. 4కే, 144 లేదా 240 హెర్ట్జ్ తెర ఇప్పటికే టేబుల్ మీద ఉన్నవాళ్లు కూడా సరే. మిగతావాళ్లకు, ముఖ్యంగా 1080పీ తెర ముందు కూర్చుని 5090 బెంచ్‌మార్కులు చూసేవాళ్లకు, నా మాట ఇది: అదే తరంలో చిన్న కార్డు 5070 టీఐకి ప్రకటించిన ధర 80 వేలు, 16 జీబీ, 300 వాట్లు. రెంటికీ మధ్య లక్షా ముప్ఫై నాలుగు వేలు. ఆ డబ్బును మంచి 1440పీ (1080పీకీ 4కేకీ మధ్యది) ఓలెడ్ మానిటర్, కొత్త ప్రాసెసర్, దాని బోర్డు, మెమరీ, యూపీఎస్ మీద పెట్టండి. మీ కంటికి తెలిసే తేడా వాటిలో ఉంది. ఇన్వర్టరు అరవదు కూడా, మొత్తం నాలుగున్నర వందల వాట్లలో అయిపోతుంది.

మా తమ్ముడు మూడు వారాలకు వచ్చాడు. ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను, కాగితం మీద లెక్కలేసి మరీ. శ్రద్ధగా విన్నాడు. "నువ్వు చెప్పిందంతా కరెక్టే అన్నా, కానీ నాకు ఇదే కావాల" అన్నాడు. వాడి డబ్బు, వాడి ఇష్టం, చిన్నప్పుడు ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరం వంతులేసుకుని ఆడినవాళ్లం, ఆ కోరిక నాకు తెలియనిది కాదు. ఒక్క పని మాత్రం చేయించాను, ఆర్డరు పెట్టుకున్న 1080పీ మానిటర్ నా కళ్లముందే క్యాన్సిల్ చేయించి 4కే పెట్టించాను. డెబ్భై శాతం సెట్టింగు స్క్రీన్‌షాట్ కూడా పంపాను.

వాడు పోయాక 3060ని మళ్లీ దాని చోట్లో పెట్టుకున్నాను. క్యారమ్ బిళ్లలు పైవాళ్ల పిల్లలకు ఇచ్చేస్తే, చిన్నది అక్కడే కూర్చుని లెక్కపెట్టి "మామా, పదే ఉండాయి" అంది. ఇల్లంతా వెతికాం, మంచం కింద, టేబుల్ కింద, ఎక్కడా లేదు. రాత్రి పదకొండింటికి బెంగళూరుకు ఫోన్ చేశాను. "అరేయ్, స్విచ్ వేయొద్దు, ముందు కార్డు ఫ్యాన్లలో టార్చి వేసి చూడు. నల్ల బిళ్ల."